పరిశోధనకు ఏ అంశం? రెండు మూడింటిలో ఒకటి తేల్చుకునే పద్ధతి

పరిశోధనలో కొత్తగా చేరినవాళ్లకు అంశాలు దొరకకపోవడం అరుదు. రెండో మూడో చేతిలో ఉంటాయి. ఒకటి గైడ్ సూచించింది, ఒకటి తమకు ఎప్పటినుంచో ఇష్టమైనది, ఇంకొకటి ఈమధ్య అందరి నోటా వినిపిస్తున్నది. వీటిలో ఏదన్న దగ్గరే నెలలు కరిగిపోతాయి. ఎందుకంటే మూడింటినీ పేర్లుగానే పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ‘మొబైల్ వాడకం – నిద్ర’ మంచిదా, ‘అనువాదాల్లో సామెతలు’ మంచిదా అని అడిగితే ఎవరైనా ఏం చెప్పగలరు? పేర్లకు తూకం ఉండదు, ప్రశ్నలకు ఉంటుంది. కాబట్టి ముందు ఒక్కో అంశాన్నీ ప్రశ్నగా మార్చాలి, పోలిక ఆ తర్వాతే.

పేరును ప్రశ్నగా మార్చడం

వైద్య పరిశోధకులు 1995 నుంచి పికో అనే నాలుగు గడుల చట్రం వాడుతున్నారు: ఎవరిలో, ఏం చేస్తే, దేనితో పోల్చి, ఏం కొలిచి. వైద్యంతో సంబంధం లేని శాఖల్లోనూ ఇది చక్కగా పనికొస్తుంది. సాహిత్యమైతే గడుల పేర్లు మారతాయి అంతే: ఏ రచనల్లో, ఏ లక్షణం, దేని పక్కన పెట్టి, ఏ ఆధారంతో.

‘మొబైల్ వాడకం – నిద్ర’ను ఈ చట్రంలో పోస్తే ఇలా తయారవుతుంది: హాస్టల్లో ఉండే డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థుల్లో, పడుకునే ముందు గంటసేపు ఫోన్ పక్కన పెట్టేసినవాళ్లు, మామూలుగా వాడుకున్నవాళ్లకన్నా ఎన్ని నిమిషాలు త్వరగా నిద్రలోకి జారుకుంటారు, రెండు వారాల లెక్క తీస్తే? ‘అనువాదాల్లో సామెతలు’ ఇలా అవుతుంది: ఒకే నవలకు వేర్వేరు కాలాల్లో వచ్చిన రెండు అనువాదాల్లో, మూలంలోని సామెతను ఎన్నిచోట్ల సామెతగానే నిలిపారు, ఎన్నిచోట్ల మామూలు వాక్యంగా విప్పారు, ఎన్నిచోట్ల వదిలేశారు, కాలం మారేకొద్దీ ఆ తీరు మారిందా?

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టవచ్చు. మొదటిదానికి మనుషులు కావాలి, వాళ్ల అంగీకారం కావాలి, నిద్రను కొలిచే సాధనం కావాలి. రెండోదానికి మూడు పుస్తకాలు, ఒక పట్టిక, రెండు భాషల మీద పట్టు చాలు. ఏది ఎవరికి సాధ్యమో చాలావరకు ఇక్కడే తెలిసిపోతుంది. నాలుగు గడుల్లో ఒకటి ఎంతకీ నిండకపోతే అది ఇంకా అంశం కాలేదని అర్థం. ఇష్టమైన ప్రాంతం మాత్రమే.

శీర్షికలో పెట్టే మాటల విషయంలో ఒక జాగ్రత్త. ‘ప్రభావం’ అన్న మాట అప్పులాంటిది, వైవాలో (థీసిస్‌పై జరిగే మౌఖిక పరీక్షలో) తీర్చాలి. ఒకే రోజు నింపించుకున్న ప్రశ్నావళితో ‘ఫోన్ వాడకం నిద్రపై చూపే ప్రభావం’ తేలదు. నిద్ర పట్టనివాళ్లే ఫోన్ పట్టుకుని ఉండవచ్చు కదా అని పరీక్షకులు అడిగితే జవాబు ఉండదు. అలాంటి డేటాకు ‘సంబంధం’ అన్న మాటే తగినది. ‘సమగ్ర పరిశీలన’ కూడా ఇదే బాపతు. ఫలానా రచయిత నవలలన్నీ సమగ్రంగా పరిశీలిస్తానని సినాప్సిస్‌లో (పరిశోధన ప్రణాళిక పత్రంలో) రాసినవాళ్లు చివరికి కథాసంగ్రహాలతో అధ్యాయాలు నింపుకోవాల్సి వస్తుంది. సమగ్రం అనగానే ఏది వదిలేయాలో చెప్పే హక్కు పోతుంది మరి.

అన్నిటికన్నా ముందు వేయాల్సిన పరీక్ష

ప్రశ్న తయారయ్యాక ఒక కాగితం మీద రెండు వాక్యాలు రాయండి. అనుకున్నట్టే ఫలితం వస్తే థీసిస్ చివర ఏం రాస్తారో ఒకటి, అనుకున్నది రాకపోతే ఏం రాస్తారో మరొకటి. రెండో వాక్యం దగ్గర కలం ఆగిపోతే ఆ అంశంలో ప్రమాదం ఉన్నట్టే.

ఫోన్ ప్రశ్నకు ఈ పరీక్ష పెట్టి చూడండి. తేడా కనబడితే, ఫోన్ పక్కన పెడితే ఇన్ని నిమిషాలు ముందుగా నిద్ర పడుతుందని రాస్తారు. తేడా లేకపోతే, అందరూ చెప్పే ఈ సలహా ఈ వయసువాళ్లలో, ఇంత మంది మీద చూసినా పనిచేయలేదని రాస్తారు. రెండూ చదవదగ్గవే. కానీ ‘ఫలానా కొత్త పదార్థం ఈ పని చేస్తుందా?’ అన్న ప్రశ్నలో చేయకపోతే చెప్పడానికి ఏమీ మిగలదు. పదార్థం పనికిరానిదా, తయారీలో తప్పా, కొలతలో తప్పా అన్నది కూడా తేలదు. అలాంటి అంశం పూర్తిగా వదిలేయాలని కాదు. దాని పక్కనే, ఫలితం ఎటు తిరిగినా నిలబడే చిన్న ప్రశ్న ఇంకోటి పెట్టుకోవాలి. ‘ఏ ఉష్ణోగ్రతలో తయారుచేస్తే దాని నిర్మాణం ఎలా మారుతుంది?’ అన్నది అలాంటిదే, ఎలా మారినా అది ఒక అధ్యాయం.

ఈ ఒక్క పరీక్షలో నెగ్గిన సాదాసీదా అంశం, ఓడిపోయిన అద్భుతమైన అంశంకన్నా మేలు. మిగతా పోలికలన్నీ దీని తర్వాతే.

గైడ్ ఇచ్చిందా, సొంతమా

గైడ్ ఇచ్చిన అంశంతో పరికరాలు, డేటా, పాత విద్యార్థుల అనుభవం, ఒక్కోసారి నిధులు కూడా వెంట వస్తాయి. ప్రయోగశాల శాస్త్రాల్లో ఇది చిన్న విషయం కాదు. పనిచేస్తున్న పద్ధతి చేతికందడమంటే ఏడాది కలిసొచ్చినట్టే. నష్టమేమంటే అంశం మీది కాదు. పెద్ద ప్రాజెక్టులో మీ వాటా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రాతపూర్వకంగా లేకపోతే మీ అధ్యాయం ఇంకొకరి వ్యాసంలో తేలుతుంది.

ఒప్పుకునే ముందు అడగాల్సినవి నాలుగు. డేటా ఇప్పటికే చేతిలో ఉందా, రావాల్సి ఉందా? ఇదే వరుసలో ఇంతకుముందు చేసినవాళ్లు ఎన్నాళ్లలో పూర్తిచేశారు? ప్రాజెక్టు నిధులు మధ్యలో ఆగిపోతే నా థీసిస్‌కు ఏం మిగులుతుంది? నా భాగంపై వచ్చే వ్యాసంలో మొదటి పేరు ఎవరిది? చివరిది అడగడానికి మొహమాటపడతారు కానీ మొదట్లో అడిగితే అది మామూలు ప్రశ్న, మూడో ఏడు అడిగితే గొడవ.

సొంత అంశమైతే ఉత్సాహానికి లోటుండదు. అయితే గైడ్‌కు ఆ రంగంలో పట్టు లేకపోతే మీ తప్పులు పట్టేవాళ్లుండరు. అవన్నీ వైవాలో ఒకేసారి బయటపడతాయి. గైడ్‌కు తెలిసిన పద్ధతి, మీకు నచ్చిన విషయం కలిపితే మధ్యేమార్గం దొరుకుతుంది. గైడ్ సర్వేల్లో ఆరితేరినవారైతే మీకు నచ్చిన విషయాన్నే సర్వేతో అడిగే ప్రశ్నగా మలచుకోవచ్చు. విషయం కొత్తదైనా పద్ధతి తెలిసినదైతే గైడ్ సాయపడగలరు. విషయం తెలిసి పద్ధతి తెలియనప్పుడే ఇబ్బందులు ఎక్కువ.

కొత్తదా, పాతదాన్ని మళ్లీ చేయడమా

‘దీనిమీద ఎవరూ పనిచేయలేదు’ అన్నది చాలా సినాప్సిస్‌లలో కనబడే వాక్యం. ఎవరూ చేయకపోవడానికి కారణాలు నాలుగుంటాయి. అది వేరే పేరుతో ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది. డేటా దొరకదని తెలిసి ముందటివాళ్లు వదిలేసి ఉంటారు. తెలుసుకున్నా ఒరిగేదేమీ లేదని పక్కన పెట్టి ఉంటారు. లేదా నిజంగానే ఎవరి కంటా పడలేదు. నాలుగోదే అని నమ్మే ముందు మొదటి మూడూ కాదని తేల్చుకోవాలి.

మొదటిదే తరచుగా దెబ్బతీస్తుంది. ‘పడుకునే ముందు ఫోన్ వాడకం’ అని వెతికితే కొన్నే దొరుకుతాయి. ‘స్క్రీన్ టైమ్’, ‘బెడ్‌టైమ్ మీడియా యూజ్’, ‘స్లీప్ హైజీన్’ అని వెతికితే గుట్టలుగా వస్తాయి. వెతకాల్సిన మాటలు మన బుర్రలోంచి కాకుండా దొరికిన మొదటి రెండు మంచి వ్యాసాల కీవర్డుల్లోంచి తీసుకోవాలి. ఆ వ్యాసాల చివరి ఉపయుక్త గ్రంథ సూచిని వెనక్కి, గూగుల్ స్కాలర్‌లోని ‘సైటెడ్ బై’ లింకును ముందుకు తవ్వుకుంటూ పోతే ఒక పూటలో ఆ రంగం రూపురేఖలు తెలుస్తాయి.

పాత అధ్యయనాన్ని మళ్లీ చేయడం చిన్నతనం అనుకోవద్దు. 2015లో ‘ఓపెన్ సైన్స్ కొలాబరేషన్’ పేరుతో కలిసిన పరిశోధకులు మనస్తత్వశాస్త్రంలో ప్రచురితమైన 100 అధ్యయనాలను మళ్లీ చేసి చూశారు. మూల అధ్యయనాల్లో 97 శాతం గణాంకపరంగా సార్థకమైన, అంటే యాదృచ్ఛికమని తేలిగ్గా కొట్టిపారేయలేని, ఫలితం చూపినవే. తిరిగి చేసినప్పుడు 36 శాతమే నిలిచాయి. ప్రభావాల పరిమాణం కూడా సగటున మొదటిదానిలో సగానికి పడిపోయింది. కాబట్టి ఒకసారి తేలిన విషయాన్ని మళ్లీ తేల్చడం కూడా పరిశోధనే.

దీని సౌలభ్యం ఏమిటంటే పద్ధతి, ప్రశ్నావళి, విశ్లేషణ అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఫలితం ఎటు తిరిగినా రాయడానికి సరుకుంటుంది. చిక్కల్లా శాంపిల్ దగ్గర. ప్రభావం సగానికి తగ్గితే దాన్ని పట్టుకోవడానికి నాలుగింతల మంది కావాలి. మూలంలో 40 మందితో చేశారు కదా అని మీరూ 40 మందితో చేస్తే, తేడా కనబడకపోయినా ఏమీ తేలదు. తేడా లేకనా, మనుషులు చాలకనా? మాస్టర్స్ స్థాయి ప్రాజెక్టుకు పునరావృతం హాయిగా సరిపోతుంది. డాక్టరేట్‌కైతే దాన్ని మొదటి అధ్యాయంగా ఉంచి, దానిమీద కొత్త ప్రశ్న ఒకటి కట్టాలి. చాలాచోట్ల నిబంధనలు ‘మౌలిక కృషి’ని అడుగుతాయి, ఆ మాటకు మీ విభాగం ఏ అర్థం చెప్పుకుంటుందో ముందే కనుక్కోవాలి.

అందరి నోటా ఉన్న అంశం గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. వేడిమీదున్న రంగంలో పెద్ద బృందాలు మీకన్నా వేగంగా పనిచేస్తాయి, మీ థీసిస్ పూర్తయ్యేలోపు అదే ప్రశ్నకు జవాబు ప్రీప్రింట్‌గా (పత్రికలో అచ్చుకాకముందే ఆన్‌లైన్‌లో పెట్టే వ్యాసంగా) వచ్చేస్తుంది. ఆ కొత్త సాధనాన్ని ఎవరూ పట్టించుకోని పాత ప్రశ్నకు వాడగలిగితే మాత్రం తీసుకోండి.

డేటా ఎక్కడినుంచి: అసలు తేడా ఇక్కడే

అంశాల మధ్య ఎంపిక అంటున్నాం కానీ, చేసేటప్పుడు తేలేదేమంటే అది రోజువారీ పనుల మధ్య ఎంపిక. మూడేళ్లపాటు ఉదయం లేచి ఏం చేస్తారన్నది డేటా రకమే నిర్ణయిస్తుంది.

సర్వే చేస్తే. ఒక పెద్ద సమూహంలో ఎంతమంది ఇలా ఉన్నారో చెప్పడానికి, 95 శాతం నమ్మకంతో, 5 శాతం అటూ ఇటూ తేడాతో, దాదాపు 385 పూర్తి జవాబులు కావాలి. తేడాను 3 శాతానికి కుదించాలంటే 1,068 కావాలి. ఈ లెక్క యాదృచ్ఛికంగా ఎంచుకున్న శాంపిల్‌కే వర్తిస్తుంది. వాట్సాప్ గ్రూపుల్లో లింకు పంపి 400 జవాబులు తెచ్చుకుంటే సంఖ్య సరిపోయినా ఆ మనుషులు ఎవరికి ప్రతినిధులో చెప్పలేం. పిలిచినవాళ్లలో 30 శాతమే స్పందిస్తారనుకుంటే 385 కోసం దాదాపు 1,280 మందిని అడగాలి. జవాబిచ్చినవాళ్లూ ఇవ్వనివాళ్లూ ఒకటేనా అన్న ప్రశ్న అప్పటికీ మిగిలే ఉంటుంది. ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు ఇంకొకటి: 385 మందిని తెచ్చుకుని, ఆడ-మగ, మూడు వయసులు, రెండు ప్రాంతాలు అని 12 ముక్కలు చేస్తారు. ఒక్కో ముక్కలో 32 మంది మిగులుతారు, దాంతో ఏ పోలికా నిలవదు. ఏ పోలిక ముఖ్యమో ముందే తేల్చి దానికి సరిపడా లెక్కవేయాలి.

రెండు గుంపులను పోల్చే ప్రయోగమైతే. 0.05 సార్థకతా స్థాయిలో (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతం), 80 శాతం పవర్‌తో (ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం), గుంపుకు ఎందరు కావాలన్నది ప్రభావం పరిమాణం బట్టి ఉంటుంది. కోహెన్ కొలమానంలో (రెండు గుంపుల సగటుల తేడాను ప్రామాణిక విచలనంతో భాగిస్తే వచ్చే సంఖ్య) పెద్ద ప్రభావానికి (0.8) గుంపుకు 26 మంది చాలు. మధ్యస్థానికి (0.5) 64 మంది, చిన్నదానికి (0.2) 394 మంది. మీ ప్రశ్నలో ప్రభావం మధ్యస్థంగా ఉంటుందని అంతకుముందు పనుల్లో కనిపిస్తే 128 మంది కావాలి. రెండు వారాల్లో 20 శాతం మంది మధ్యలో మానేస్తారనుకుంటే 160 మందితో మొదలుపెట్టాలి. మీకు అందుబాటులో 60 మందే ఉంటే ఆ అంశం మీకు లేనట్టే, ఎంత నచ్చినా సరే. కొలత పద్ధతి మారిస్తే తప్ప. ఒకే మనిషిని రెండు పరిస్థితుల్లోనూ కొలిచే ఏర్పాటుకు సాధారణంగా చాలా తక్కువమంది సరిపోతారు, మొదటి పరిస్థితి ప్రభావం రెండోదానిలోకి పాకకుండా చూసుకోగలిగితే. జీపవర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ లెక్కలు పది నిమిషాల పని. దీన్ని అంశం ఖాయం కాకముందే చేయాలి. డేటా వచ్చాక చేస్తే ఆ పది నిమిషాలూ వృథా.

ఇంటర్వ్యూలైతే. మనుషుల సంఖ్య చిన్నదే కానీ గంటలు పెద్దవి. గెస్ట్, బన్స్, జాన్సన్ 2006లో 60 ఇంటర్వ్యూల డేటాను విశ్లేషిస్తే, కొత్త విషయాల్లో అత్యధిక భాగం మొదటి 12లోనే బయటపడ్డాయి. అది ఒకే తరహా మనుషులున్న గుంపుకు, ప్రశ్న సన్నగా ఉన్నప్పుడు. గుంపులు రెండైతే రెండింతలు వేసుకోవాలి. గంట రికార్డింగును అక్షరాల్లో పెట్టడానికి అనుభవం లేనివారికి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది. 24 గంటల ఇంటర్వ్యూలకు 96 నుంచి 144 గంటలు అందులోనే పోతాయి. కోడింగ్ (మాటలకు విషయాలవారీగా గుర్తులు పెట్టడం), మళ్లీ చదవడం, కోడ్లు మార్చడం దాని తర్వాత. సాఫ్ట్‌వేర్‌తో అక్షరీకరణ చేయించినా మాండలికం దగ్గర, ఇద్దరు ఒకేసారి మాట్లాడినచోట తప్పులు దిద్దుకోవాల్సిందే. లెక్కలంటే భయపడి ఇంటర్వ్యూల వైపు వచ్చేవాళ్లుంటారు. ఆ కారణంతో రావద్దు, ఇక్కడ రాతపని రెట్టింపు.

ఇదివరకే ఉన్న డేటా. జనాభా సర్వేలు, ఆసుపత్రి రికార్డులు, బహిరంగ డేటాసెట్లు, పత్రికల పాత సంచికలు. సేకరణ ఖర్చు మిగులుతుంది, ఎథిక్స్ కమిటీ (మనుషులపై చేసే పరిశోధనను ముందే పరిశీలించి అనుమతించే సంఘం) పని తరచుగా తేలికవుతుంది. కానీ మీ ప్రశ్న ఆ డేటా ఆకారంలోకి వంగాలి. కాలమ్ పేరు కనబడిందని డేటా ఉన్నట్టు కాదు. 10,000 వరుసలున్న ఫైలులో మీక్కావాల్సిన ప్రశ్నను ఒక్క విడతలోనే అడిగి ఉంటారు, అందులో సగం ఖాళీలుంటాయి, మీ వయసు వర్గానికి కుదిస్తే 300 మిగులుతాయి. కాబట్టి కోడ్‌బుక్ (ఏ కాలమ్‌లో ఏముందో చెప్పే పత్రం) తెచ్చుకుని, ముఖ్యమైన మూడు నాలుగు చరరాశుల్లో ఖాళీలు లెక్కపెట్టాకే ఆ అంశాన్ని పోలికలోకి రానివ్వండి. అందరికీ అందుబాటులో ఉన్న డేటాసెట్ అయితే అదే ప్రశ్నను ఇంకొకరు వేసేశారేమో కూడా చూడాలి. పాత పత్రాల భాండాగారమైతే కేటలాగులో ఉన్న ఫైలు బీరువాలో ఉందా, ఫొటో తీయనిస్తారా, రోజుకు ఎన్ని ఫైళ్లు ఇస్తారు అన్నవి ముందే తెలుసుకోవాలి. రోజుకు ఐదు ఫైళ్లిచ్చేచోట 600 ఫైళ్లంటే 120 పనిదినాలు.

కేవలం సమీక్ష. మనుషులు అక్కర్లేదు కాబట్టి తేలికనుకుంటారు. పద్ధతి ప్రకారం చేసే సమీక్షలో ప్రతి సారాంశాన్నీ ఇద్దరు విడివిడిగా చదివి ఉంచాలో తీసేయాలో చెప్పాలి. 3,000 సారాంశాలుంటే, నిమిషానికొకటి చొప్పున ఒక్కొక్కరికి 50 గంటలు, ఇంకా పూర్తి వ్యాసాల జోలికి పోకముందే. సమీక్ష నివేదికలో ఏమేం ఉండాలో చెప్పే ప్రిస్మా 2020 జాబితాలో 27 అంశాలున్నాయి. ఆరోగ్య సంబంధమైతే ప్రాస్పెరో అనే సమీక్షల రిజిస్టర్‌లో ముందే నమోదు చేయడం ఆనవాయితీ. 2011 నుంచి నడుస్తున్న ఆ రిజిస్టర్‌ను వెతికితే అదే సమీక్ష ఎవరైనా చేస్తున్నారా అన్నదీ తెలుస్తుంది. రెండో పాఠకులు దొరక్కపోతే ఈ దారి పట్టవద్దు.

ప్రయోగశాల పనైతే ఒకే ఒక్క మాట: ప్రచురితమైన పాత ఫలితాన్ని మీ బల్ల మీద ముందు తిరిగి రాబట్టండి. తెలిసిన ఫలితమే రెండు మూడు నెలల్లో రాకపోతే తెలియని ఫలితం కోసం ఆ పద్ధతిని నమ్ముకోలేం.

మనుషులతో చేసే ఏ పనికైనా ఎథిక్స్ కమిటీ అనుమతి గడువులో కలిపి లెక్కపెట్టాలి. పిల్లలు, రోగులు, ఖైదీలు, తమంతట తాము కాదనలేని స్థితిలో ఉన్న ఎవరైనా ఉంటే పరిశీలన కఠినంగా సాగుతుంది, నెలలు పట్టవచ్చు. మీ విద్యార్థులనే శాంపిల్‌గా తీసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది. మార్కులు వేసే చేయి అంగీకార పత్రం అందిస్తే కాదనేవారెవరు?

మార్కులు వేస్తే ఎలా వేయాలి

ఇష్టం, డేటా, గైడ్ అంటూ ఒక్కోదానికి ఐదేసి మార్కులు వేసి కూడడం మామూలుగా చేసే పని. ఈ కూడిక మోసం చేస్తుంది. ఒక అంశానికి ఇష్టం 5, డేటా 1, గైడ్ 3 అనుకుందాం, మొత్తం 9. ఇంకోదానికి అన్నిటా 3, అదీ 9. రెండూ సమానమా? కావు. మొదటిదానిలో డేటా లేదు, ఇష్టం ఎంత ఉన్నా ఆ లోటు పూడదు. గుణించి చూడండి: మొదటిది 15, రెండోది 27. గుణకారంలో బలహీనమైన గడి దాగదు, సున్నా వచ్చిందంటే మొత్తం సున్నా. పరిశోధనలో జరిగేదీ అదే.

ఇష్టానికి ఎన్ని మార్కులన్నది వాదన తెగని విషయం. ఇష్టం లేనిదాన్ని మూడేళ్లు మోయలేమన్నది నిజమే. కానీ మొదట్లో ఉండే ఇష్టం ఎక్కువగా అంశం పేరు మీద ఉంటుంది, రోజువారీ పని మీద కాదు. నిద్రంటే ఆసక్తి ఉన్నవారికి 160 మంది నిద్ర డైరీలను ఎక్సెల్‌లో ఎక్కించడం మీద ఆసక్తి ఉంటుందా? ఇష్టానికి మార్కులు ఆ పనిని ఒక రోజు చేసి చూశాకే వేయాలి.

జీవశాస్త్రవేత్త ఉరి అలోన్ 2009లో రాసిన ఒక వ్యాసంలో రెండు గీతల పటం ఉంది. ఒక గీత మీద పని ఎంత సులువు, రెండో దాని మీద దానివల్ల వచ్చే జ్ఞానం ఎంత. సులువూ తక్కువ, ప్రతిఫలమూ తక్కువ ఉన్న మూలలో ఎవరూ ఉండకూడదు. అయినా అక్కడే చాలామంది కనిపిస్తారు. కొత్తగా మొదలుపెట్టేవారికి ఆయన సులువు వైపే మొగ్గమంటాడు, మొదటి ఫలితం చేతికొచ్చి ధైర్యం కుదిరాక కష్టమైనదానికి మళ్లవచ్చు. మీ రెండు మూడు అంశాలను ఆ పటం మీద చుక్కలుగా పెట్టి చూడండి. ఒకదానికన్నా కష్టమైనదీ, ప్రతిఫలంలో తక్కువదీ అయిన చుక్క వెంటనే కొట్టివేయవచ్చు. మూడు రెండవుతాయి.

పది రోజుల పరీక్ష

మిగిలిన రెండింటికీ విడివిడిగా ఐదేసి పనిదినాలు కేటాయించండి. ఆలోచించడానికి కాదు, పని చేసి చూడటానికి.

మొదటి రోజు వెతుకులాట. ప్రశ్నకు సూటిగా సంబంధించినవి ఐదు కూడా దొరక్కపోతే వెతికే మాటలు తప్పై ఉండాలి, లేదా ఆధారపడటానికి ఏమీ లేని చోటై ఉండాలి. వందలు దొరికితే ప్రశ్న ఇంకా వెడల్పుగా ఉంది. ఇరవై ముప్పై దగ్గర ఆగితే చోటు బాగుంది. వాటిలో మూడింటిని రెండో రోజు పూర్తిగా చదవాలి. పద్ధతుల భాగాన్ని మరీ జాగ్రత్తగా చదివి, శాంపిల్ ఎంత, ఎంతకాలం పట్టింది, పరిమితుల కింద ఏం ఒప్పుకున్నారు అన్నది రాసుకోవాలి. మూడో రోజు నిజమైన డేటా ముక్క ఒకటి సంపాదించాలి: పది వరుసలో, ఇద్దరితో ఇంటర్వ్యూనో, అనువాదంలో ఒక అధ్యాయంలోని సామెతలో. ఇందులోనే ఎన్నో కూలిపోతాయి. అధ్యాయమంతా వెతికితే రెండే సామెతలు దొరుకుతాయి, లేదా ఏది సామెతో ఏది నుడికారమో మీకే తేలదు.

నాలుగో రోజు ఖాళీ పట్టికలు గీయాలి. థీసిస్‌లో రాబోయే ముఖ్యమైన పట్టికలకు శీర్షికలు, వరుసలు, నిలువు గడులు రాసి అంకెల చోటు ఖాళీగా వదలాలి. మూడు నాలుగు పట్టికలు గీయలేకపోతే ప్రశ్నలో ఎక్కడో పొగమంచు ఉంది. పదిహేను వచ్చాయంటే ఒక థీసిస్‌లో మూడు థీసిస్‌లు దూరాయి. ఐదో రోజు ఒకే పేజీలో ప్రశ్న, డేటా, పద్ధతి, నెలలవారీ గడువు రాసి గైడ్‌కు ఇవ్వాలి. గడువు రాసేటప్పుడు వెనకనుంచి లెక్కపెట్టుకుంటూ రండి: చివరి నాలుగో వంతు రాయడానికి, దిద్దుకోవడానికి. డేటా సేకరణ సగం గడువుకల్లా ముగియాలి. అలా అమర్చాక అనుమతులకు, శిక్షణకు సమయం మిగలకపోతే ప్రశ్నను కుదించాలి. గైడ్ పేజీ చదివి ‘బాగుంది, ఇంకొంచెం విస్తరించండి’ అంటే దేన్ని విస్తరించాలో, దానికి బదులు దేన్ని తీసేయాలో అక్కడే అడగండి.

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టినప్పుడు చాలావరకు ఎంపిక తనంతట తనే కనిపిస్తుంది. ఐదు రోజుల్లో ఒకదానికి పట్టికలు, డేటా ముక్క సిద్ధమై ఉంటాయి. రెండోదానికి అనుమతుల కోసం ఎదురుచూపులు మాత్రమే ఉంటాయి.

తీసుకున్నాక మార్చాల్సి వస్తే

మధ్యలో అంశం మార్చడం అవసరమయ్యే సందర్భాలు నిజంగానే ఉంటాయి. డేటా ఇస్తామన్నవారు ఇవ్వరు, గైడ్ వేరేచోటికి వెళ్లిపోతారు, అదే ఫలితాన్ని ఇంకొకరు ప్రచురిస్తారు. ఇంకొకరు ప్రచురించడం అనిపించినంత పెద్ద దెబ్బ కాదు. వాళ్ల శాంపిల్‌కూ మీదానికీ, వాళ్ల కొలతకూ మీదానికీ తేడా ఉంటే మీ పని పోలికగా మారుతుంది, చర్చ అధ్యాయం బరువెక్కుతుంది. డేటా రాకపోవడమే అసలైన దెబ్బ. మొదటి ఆరు నెలల్లో కనీసం పైలట్ డేటా (చిన్న ఎత్తున ముందుగా తీసి చూసే డేటా) అయినా చేతిలోకి రాకపోతే ఇంకో వినతిపత్రం రాయడం ఆపి, మార్పు గురించి మాట్లాడాలి.

మార్చేటప్పుడు ప్రశ్న, డేటా, పద్ధతి అనే మూడింటిలో ఒక్కటే మార్చండి. డేటా పోతే ప్రశ్న, పద్ధతి అలాగే ఉంచి వేరే డేటా వెతకాలి. ప్రశ్న పాతబడిపోతే అదే డేటాను వేరే ప్రశ్న అడగాలి. నిద్ర డైరీల కోసం 160 మంది దొరక్కపోతే, అప్పటికే నేర్చుకున్న డైరీ పద్ధతిని 20 మంది మీద, ఒక్కొక్కరినీ రెండు పరిస్థితుల్లోనూ కొలిచే ఏర్పాటుకు మళ్లించవచ్చు, మధ్యస్థమైన తేడాను కూడా అది పట్టలేకపోవచ్చని ముందే ఒప్పుకుంటూ. మూడూ ఒకేసారి మార్చారంటే మళ్లీ మొదటి రోజుకే వచ్చినట్టు, గడువు మాత్రం మొదటి రోజున ఉన్నంత ఉండదు.